కయాక్‌లో పట్టిన చేప ఇంటికొచ్చేసరికి ఎందుకు చెడుతోంది?

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున చేపలమ్మే ఒకామె నా మొదటి కోనాన్ని చేతిలోకి తీసుకుని పొట్ట మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. "ఏటి బాబూ, ఎండలో పడుకోబెట్టి తెచ్చావేటి?" అంది. మూడు కిలోల చేప. బరంపురం నుంచి కారు మీద కయాక్ (కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ) కట్టుకుపోయి, ఆరింటికి పట్టి, తొమ్మిదిన్నర దాకా కాళ్ల సందున తడిగుడ్డ కప్పి ఉంచాను. అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాను.

మోటారు బోటులో ఐస్ పెట్టడానికి అర ఉంటుంది. కయాక్‌లో అలాంటి అర ఉండదు, చేపతో పని చేసుకోవడానికి మన ఒడి తప్ప చోటు లేదు. కాబట్టి చేప రుచి తేలిపోయేది అక్కడే, పైకి లాగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో. కింద రాసినవన్నీ నేను చెడగొట్టుకున్న చేపల లెక్కే.

సమస్య: ముక్కల్లో నెత్తురు చారలు, వెన్నుముల్లు వెంట నల్లటి గడ్డ, పులుసులో నీచు

కారణం: నెత్తురు తీయలేదు, లేదా చచ్చిన చాలాసేపటికి తీశారు. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేపకి ఇంకో నష్టం కూడా ఉంది. కండలోని శక్తి అంతా ఖర్చయి, ఆమ్లం పేరుకుని మాంసం మెత్తబడుతుంది. తూర, కోనాం, పార లాంటి గట్టిగా ఈదే చేపల్లో ఇది బాగా తెలుస్తుంది.

పరిష్కారం: చేప ఒళ్లోకి రాగానే తడిగుడ్డతో కళ్లు మూసి పట్టుకోండి, కొట్టుకోవడం సగం ఆగుతుంది. చిన్న దుడ్డుకర్రతో కళ్లకి కాస్త వెనగ్గా, నడినెత్తిన గట్టిగా ఒక్క దెబ్బ. తోక వణికి ఆగిపోతే దెబ్బ సరిగ్గా తగిలినట్టు. వెంటనే మొప్ప మూత ఎత్తి, ఎర్రటి కుచ్చులు కాకుండా అవి అంటుకున్న తెల్లటి వంపుని మొదట్లో కోయండి, రెండు పక్కలా. "చంపేస్తే నెత్తురు రాదు కదా" అని అడిగేవాళ్లు చాలామంది. మెదడు దెబ్బతిన్నా గుండె ఇంకాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ కాసేపట్లోనే మన పని అయిపోవాలి. జపాన్ వాళ్లు వెన్నుపూసలోకి తీగ కూడా దూరుస్తారు. అలల మీద ఊగుతూ ఒళ్లో పెట్టుకుని చేయాల్సిన పని కాదది. కర్ర, కత్తి చాలు.

సమస్య: కోశాను, కానీ నెత్తురు నాలుగు చుక్కలే వచ్చింది

కారణం ఎక్కువగా రెండిట్లో ఒకటి. కుచ్చుల చివర్లే తెగి ఉంటాయి, లేదా కోసిన చోట గాలి తగిలి నెత్తురు గడ్డకట్టి ఉంటుంది.

పరిష్కారం: కోసిన తల నీళ్లలో ఉండాలి. నోట్లోంచి మొప్ప గుండా తాడు పోనిచ్చి, కయాక్ పక్కన ముంచి ఐదు నిమిషాలు పట్టుకుంటే నీళ్లు ఎర్రబడి, మెల్లగా తేటబడతాయి. మొప్పలు గులాబీ రంగుకి పాలిపోతే చాలు. తూర అయితే పక్క రెక్క వెనకాల కూడా రెండు వైపులా చిన్న గాటు పెట్టండి, అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది. తాడు కట్టేసి మర్చిపోయి ఇంకో గాలం వేశారో, సొర తినిపోయి తలే మిగులుతుంది. సొరల భయం ఉన్నచోట సముద్రపు నీళ్లు పట్టిన బకెట్టే మేలు.

అరచేతంత కవ్వలకి, కానాగంతలకి ఇదేం అక్కర్లేదు. పట్టింది పట్టినట్టు ఐసు నీళ్లలో వేసేయండి.

సమస్య: ఐస్ పెట్టినా కళ్లు తెల్లబడ్డాయి, తోలు పాలిపోయింది, మాంసం బూరుగు దూదిలా ఉంది

కారణం: కరిగిన మంచినీళ్లలో చేప నానింది. సముద్రపు చేపకి ఉప్పులేని నీళ్లు పడవు. పైన నాలుగు గడ్డలు పరిస్తే అవి తగిలినచోటే చల్లబడుతుంది, కిందవైపు వెచ్చగానే ఉంటుంది.

పరిష్కారం: నలగ్గొట్టిన ఐస్ రెండు వంతులు, సముద్రపు నీళ్లు ఒక వంతు. ఈ గంజిలాంటి దాంట్లో చేప పూర్తిగా మునగాలి. ఉప్పు వల్ల అది సున్నా డిగ్రీలకి కాస్త దిగువకి కూడా పోతుంది, అన్ని వైపుల నుంచీ ఒకేసారి చల్లబరుస్తుంది. నేను దారిలో దిమ్మ కొని గోనెసంచిలో వేసి, చేపల్ని కొట్టే ఆ కర్రతోనే నలగ్గొడతాను. దిమ్మ దొరకని రోజు లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తీసుకెళ్తాను. చల్లబరచడం నెమ్మదే గానీ మంచినీళ్లు చేపకి తగలవు, కరిగాక తాగొచ్చు కూడా. ఐస్ లేకుండా మాత్రం కయాక్ దించను. ఈ మాట మీద మా బావమరిదితో రెండుసార్లు గొడవైంది.

ఐస్ పెట్టెని కయాక్ వెనక భాగంలో కట్టేటప్పుడు బరువు సరిచూసుకోండి. వెనక మునిగి ముక్కు పైకి లేస్తే గోపాల్‌పూర్ కెరటాల్లో ఒడ్డుకి రావడం కష్టం. అలల్లోకి దిగే ముందు కత్తి ఒరలో, గాలాలు మూతలో ఉండాల్సిందే.

సమస్య: కవ్వల పొట్ట పగిలి పేగులు బయటపడ్డాయి

కడుపునిండా మేసిన చేపలో జీర్ణరసాలు పొట్ట గోడనే తినేస్తాయి. వేడిలో అది మరీ తొందరగా జరుగుతుంది. పెట్టె కిక్కిరిస్తే కింది చేపలు నలుగుతాయి. ఐస్ ఎక్కువ, చేపలు తక్కువ.

సమస్య: తిన్న గంటకే మొహం ఎర్రబడింది, దద్దుర్లు, తలనొప్పి

ఇది ఒంటికి పడకపోవడం కాకపోవచ్చు. తూర, కానాగంతల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. వేడిలో ఉంచితే బాక్టీరియా దాన్ని ఈ దద్దుర్లు తెచ్చే హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా, వేయించినా పోదు. వాసన కూడా చెడకపోవచ్చు. నాలుగు డిగ్రీల దగ్గరికి త్వరగా చల్లబరచడం ఒక్కటే దారి. గంటల తరబడి ఎండలో ఉన్న తూరని నేనైతే పిల్లికి కూడా వేయను. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఒక మాట ఇక్కడే. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్లని కాపాడడానికి చేపల వేట మీద నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో మేం దక్షిణాన సునాపూర్ వైపు, బాహుదా నది కలిసేచోటికి పోతాం. అక్కడ జెల్లలు ఎక్కువ, అందుకే చివరి సమస్య.

సమస్య: జెల్ల ముల్లు గుచ్చుకుంది, చెయ్యంతా పోటు

కారణం: వీపు రెక్కకీ, రెండు పక్క రెక్కలకీ ఉండే రంపపు ముళ్లలో విషం ఉంటుంది. చేప చచ్చినా ముల్లు ముల్లే.

పరిష్కారం: ఆ విషం వేడికి విరుగుతుంది. సుమారు 45 డిగ్రీల వేడినీళ్లలో, చర్మం కాలకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ముంచాలి. ముందు రెండో చెయ్యి పెట్టి వేడి చూసుకోండి, పోటెక్కిన చేతికి కాలుతున్నట్టు తెలియదు. ముల్లు విరిగి లోపలుంటే, వాపు పాకుతుంటే బరంపురం పెద్దాసుపత్రికి పోయి టెటనస్ ఇంజక్షన్ సంగతి కూడా అడగండి. నాకు ఆ ముల్లు గుచ్చుకున్నప్పట్నుంచీ నా సంచిలో టీ ఫ్లాస్కు పక్కన ఇంకో ఫ్లాస్కు ఉంటోంది, దాంట్లో ఒట్టి వేడినీళ్లే.