చేతిలో ఉన్న రాయి ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

పరమాణువులు, ఖనిజాలు, శిలలు పాఠాల్లో మూడు వేర్వేరు అధ్యాయాలుగా వస్తాయి. అందుకే పరీక్ష అయ్యాక మూడింటినీ విడివిడిగానే మరిచిపోతాం. కానీ చేతిలోకి ఒక రాయి తీసుకుని గీకి, విరిచి, తూచి చూస్తే మూడూ ఒక్కచోటే కనిపిస్తాయి. ఒక రాయి మీద గోటితో గీత పడుతుంది, ఇంకోదాని మీద పడదు. లోపల పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయన్న దాన్ని బట్టే ఇదంతా.

కావలసినవి: భూతద్దం, ఇనుప మేకు, చిన్న గాజు ముక్క, మెరుపు పూత లేని టైల్ (మామూలు టైల్ వెనక వైపు చాలు), అయస్కాంతం, కొంచెం వెనిగర్, స్ప్రింగ్ త్రాసు, దారం, నోట్‌బుక్. రాయిని పగలగొట్టాల్సి వస్తే కళ్లద్దాలు తప్పనిసరి. నాలుకతో రుచి మాత్రం చూడొద్దు. కొన్ని ఖనిజాల్లో సీసం, ఆర్సెనిక్ ఉంటాయి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

1. ముందు ఒకటే పదార్థమా, కలగలుపా చూడండి

రాయిని కడిగి, ఆరబెట్టి, కొత్తగా విరిగిన వైపు భూతద్దం పెట్టండి. పాత ముఖం ఎండకీ వానకీ రంగు మారి ఉంటుంది, దాన్ని నమ్మలేం. గ్రానైట్ ముక్కయితే మూడు రకాల గింజలు కనిపిస్తాయి. గాజులా బూడిదరంగులో ఉన్నది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. తెల్లగానో గులాబీగానో ఉండి, తిప్పుతుంటే ఒక చదునైన ముఖం తళుక్కుమనేది ఫెల్స్‌పార్. నల్లటి రేకులు అభ్రకం. ఈ గింజల్లో ఒక్కొక్కటీ ఖనిజం, అన్నీ కలిసిన ముద్ద శిల. సున్నపురాయిలో ఎక్కువ భాగం ఒకే ఖనిజం, కాల్సైట్. కాబట్టి ఒకే ఖనిజంతోనూ శిల ఏర్పడవచ్చు.

ఖనిజం అనాలంటే ప్రకృతిలో పుట్టిన ఘనపదార్థం అయ్యుండాలి, ఫలానా మూలకాలు ఫలానా పాళ్లలో ఉండాలి, పరమాణువులు వరుస తప్పకుండా పేర్చి ఉండాలి. అగ్నిపర్వతం నుంచి వచ్చే నల్లటి గాజు అబ్సిడియన్ ఇక్కడే తప్పిపోతుంది. లావా మరీ త్వరగా చల్లారడంతో పరమాణువులకు వరుసలో నిలబడే సమయం దొరకలేదు. అది శిలే కానీ ఖనిజం కాదు.

2. రంగు రాసుకోండి, కానీ నమ్మకండి

నేను చదువుకునే రోజుల్లో తెల్లగా మెరుస్తోందని ఒక కాల్సైట్ ముక్కకు పలుగురాయి అని చీటీ అంటించాను. మేకుతో ఒక్క గీత గీసి ఉంటే సరిపోయేది. కెంపు, నీలం రెండూ కురువిందమే, అల్యూమినియం ఆక్సిజన్ల కలయిక. రవ్వంత క్రోమియం చేరితే ఎర్రన, ఇనుము టైటానియం చేరితే నీలం. ఖనిజం ఒకటే, మలినం మారిందంతే.

3. గీకండి

అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే, తొందర పడకుండా చేయండి. 1812లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోహ్స్ పది ఖనిజాలను మెత్తదనం నుంచి గట్టిదనం వరకు వరుసలో పెట్టాడు. 1 టాల్క్ (బలపపు రాయిలో ఉండేది), 3 కాల్సైట్, 7 క్వార్ట్జ్, 9 కురువిందం, 10 వజ్రం. గోరు సుమారు 2.5, రాగి 3, గాజు 5.5. ఇవి వరుస సంఖ్యలే, కొలతలు కావు. 9కీ 10కీ మధ్య గట్టిదనంలో తేడా, 1 నుంచి 9 దాకా ఉన్న మొత్తం తేడా కన్నా ఎక్కువ.

ముందు గోటితో, తర్వాత మేకుతో గీకండి. చివర్న రాయి అంచుతో గాజు మీద గీయండి. గాజును బల్ల మీద పెట్టే గీయాలి, చేత్తో పట్టుకుని కాదు. గీత కనబడగానే సంబరపడొద్దు, వేలితో తుడవండి. తుడిస్తే పోయినది గీత కాదు, రెండింట్లో మెత్తనిది రాల్చిన పొడి. వేలికి గాడి తగిలితేనే లెక్క.

గ్రాఫైట్, వజ్రం రెండింట్లోనూ ఉన్నది కార్బన్ ఒక్కటే. వజ్రంలో ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటిని అన్ని దిక్కులా గట్టిగా పట్టుకుంటుంది. గ్రాఫైట్‌లో అవి పొరలుగా ఉంటాయి. పొర లోపల పట్టు గట్టిదే, పొరకీ పొరకీ మధ్య పట్టు చాలా వదులు. పెన్సిల్‌తో రాస్తే కాగితానికి అంటుకునేవి జారిపోయిన ఆ పొరలే.

4. పొడి రంగు చూడండి

టైల్ వెనక వైపు రాయిని గట్టిగా రుద్దండి. హెమటైట్ పైకి నల్లగా, వెండిలా మెరుస్తున్నా గీత మాత్రం ఎర్రమట్టి రంగులో పడుతుంది. బంగారంలా మెరిసే పైరైట్ గీత పచ్చదనం కలిసిన నలుపు, అసలు బంగారం గీత పసుపే. గీత నల్లగా వచ్చి, రాయి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే అది మాగ్నెటైట్, మన సూదంటురాయి ఖనిజం. హెమటైట్‌లోనూ ఇందులోనూ ఉన్నవి ఇనుము, ఆక్సిజనే. అక్కడ రెండు ఇనుము పరమాణువులకి మూడు ఆక్సిజన్లు, ఇక్కడ మూడుకి నాలుగు.

5. ఎలా విరిగిందో చూడండి

ఉప్పు గింజలు నల్ల కాగితం మీద చల్లి భూతద్దంతో చూడండి. అరిగిపోనివన్నీ చిన్న చిన్న ఘనాలు. సోడియం, క్లోరిన్ మూడు దిక్కులా ఒకదాని పక్కన ఒకటి నిలబడిన అమరికే ఆ ఆకారం. పగలగొట్టినా మళ్లీ చదరపు మూలలే వస్తాయి. కాల్సైట్ కూడా మూడు దిక్కుల్లోనే విరుగుతుంది కానీ మూలలు ఏటవాలుగా ఉంటాయి.

భూమి పైపొర బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజన్, 28 శాతం సిలికాన్. అందుకే ఎక్కువ రాళ్లలో కనిపించేది ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉండే కట్టడం. అభ్రకంలో ఇవి పరుపుల్లా అల్లుకుంటాయి కాబట్టి గోటితో రేకులు ఊడదీయొచ్చు. పలుగురాయిలో అన్ని వైపులా అల్లుకోవడంతో బలహీనమైన దిక్కంటూ లేదు. అది గాజు పెంకులా వంపు తిరిగి విరుగుతుంది.

6. వెనిగర్, త్రాసు

కాల్సైట్ మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నని బుడగలు లేస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. బుడగలు రాకపోతే మేకుతో గీకి ఆ పొడి మీద వేయండి. డోలమైట్ (కాల్సైట్ లాంటిదే, మెగ్నీషియం కలిసిన ఖనిజం) అయితే అప్పుడు నెమ్మదిగా పొంగుతుంది.

సాంద్రత కోసం రాయిని దారంతో కట్టి తూచండి, తర్వాత నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూచండి. రాయి గిన్నెకు తగలకూడదు. గాలిలో 265 గ్రాములు, నీళ్లలో 165 అనుకుందాం. తేడా 100, అది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. 265ను 100తో భాగిస్తే 2.65, అది క్వార్ట్జ్ సాంద్రత. కాల్సైట్ 2.7 కాబట్టి ఈ రెండింటినీ ఇంటి త్రాసుతో విడదీయలేరు. గాలీనా లాంటి సీసపు ఖనిజాన్ని (7.5) మాత్రం ఇట్టే పట్టేయొచ్చు.

7. ఇక శిల పేరు

గింజలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని పెద్దగా కనిపిస్తే లోతున నిదానంగా చల్లారిన అగ్నిశిల, గ్రానైట్ లాంటిది. కంటికి ఆననంత సన్నటి గింజలతో నల్లగా ఉంటే బసాల్ట్ కావచ్చు, అది నేల మీదకొచ్చి త్వరగా చల్లారినది. గుండ్రటి ఇసుక రేణువులు జిగురుతో అంటించినట్టు ఉంటే ఇసుకరాయి. గవ్వల ముక్కలు కనిపిస్తే అవక్షేప శిల (పొరలుగా పేరుకుని గట్టిపడినది) అని దాదాపు ఖాయం. రేకులు, చారలు ఒకే వైపు సాగి ఉంటే ఒత్తిడికి లోనైన రూపాంతర శిల, పలకరాయి, నైస్ లాంటివి.

చిక్కంతా పాలరాయికీ క్వార్ట్‌జైట్‌కీ మధ్య వస్తుంది. మొదటిది సున్నపురాయి నుంచి, రెండోది ఇసుకరాయి నుంచి మారినవి. రెండూ తెల్లగా, పంచదార పలుకుల్లా మెరుస్తాయి, చారలూ ఉండకపోవచ్చు. గాజు ముక్క తీయండి. గాజును గీసింది క్వార్ట్‌జైట్, మేకుకు లొంగి వెనిగర్‌కు బుడగలు వదిలింది పాలరాయి.