ఉప్పులోని ఋణ అయాన్‌ను గుర్తుపట్టడం ఎలా?

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు ప్రయోగశాలలో సాల్ట్ విశ్లేషణ (ఇచ్చిన ఉప్పులో, అంటే లవణంలో, క్లోరైడ్, సల్ఫేట్ లాంటి ఏ అయాన్ ఉందో కనిపెట్టడం) మొదలుపెట్టే రోజున నేను వారికి ఉప్పు ఇవ్వను. పరీక్షనాళికలో కుళాయి నీళ్లు పట్టమని, రెండు చుక్కలు సజల (నీళ్లతో పలచబరచిన) నైట్రిక్ ఆమ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ వేయిస్తాను. నీళ్లు తెల్లగా మసకబారతాయి. మా బోరు నీటిలో క్లోరైడ్ ఉంది మరి! స్వేదన జలంతో చేస్తే ఏమీ రాదు. నాళికలను స్వేదన జలంతో తొలవమని రోజూ ఎందుకు పోరతానో వారికి అప్పుడు అర్థమవుతుంది.

ముందుగా కార్బొనేట్ సంగతి తేల్చండి. చిటికెడు ఉప్పు మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయగానే బుసబుస పొంగి, వాసన లేని వాయువు వచ్చి, సున్నపు తేటను పాలలా మార్చాలి. ఆ వాయువును మరీ ఎక్కువసేపు పంపితే తెలుపు విరిగి తేట మళ్లీ తేరుకుంటుంది. మొదట్లోనే చూడండి.

క్లోరైడ్ కోసం ఉప్పు ద్రావణంలో ముందు నైట్రిక్ ఆమ్లమే వేయాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే, వెతుకుతున్న క్లోరైడ్‌ను మీరే పోసినట్టు. అసలు ఆమ్లమే వేయకపోతే కార్బొనేట్ కూడా సిల్వర్ నైట్రేట్‌తో అవక్షేపం (ద్రావణంలో కరగకుండా విడిపడే పదార్థం) ఇస్తుంది. విరిగిన పాలలాంటి తెల్లని అవక్షేపం అమోనియం హైడ్రాక్సైడ్‌లో (అమోనియా ద్రావణంలో) కరిగిపోతే క్లోరైడ్. లేత పసుపుగా ఉండి కొద్దిగానే కరిగితే బ్రోమైడ్, పసుపుగా ఉండి కరగకపోతే అయొడైడ్. కిటికీ వెలుగులో రంగు చూడండి. అయినా అమోనియా వేయకుండా తేల్చవద్దు.

సల్ఫేట్‌కు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత బేరియం క్లోరైడ్. వచ్చిన తెల్లని అవక్షేపం గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ కరగదు. బేరియం క్లోరైడ్ విషం, చేతులు కడుక్కోండి.

నైట్రేట్‌కు చేసే గోధుమ వలయ పరీక్ష అంటే నాకు ప్రాణం. పిల్లలు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలిపినదై, లేత ఆకుపచ్చగా ఉండాలి. నిల్వ ఉంటే గాలికి ఫెర్రిక్‌గా మారి పసుపెక్కుతుంది, అది పనికిరాదు. ఉప్పు ద్రావణం 2 మి.లీ., ఫెర్రస్ సల్ఫేట్ 2 మి.లీ. కలిపి, నాళికను వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా జారనివ్వండి. బరువైన ఆమ్లం అడుగుకు చేరుతుంది. రెండు పొరలు కలిసేచోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. ఓపిక పట్టండి, కుదపకండి. కదిలితే నాళిక వేడెక్కి వలయం చెదిరిపోతుంది. పని అయ్యాక ఆ ఆమ్లాన్ని ఎక్కువ నీళ్లున్న తొట్టిలోకి మెల్లగా వంచండి; నాళికలోకి మాత్రం నీళ్లు పోయవద్దు.