ఓరియంటీరింగ్ స్వయంగా నేర్చుకుందాం – 5వ పాఠం: మొదటి పోటీ

మ్యాప్, దిక్సూచి సాయంతో నిర్ణయించిన చోట్లను వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఓరియంటీరింగ్. ముందుగా గత పాఠంలోని లెక్కకు జవాబు. మ్యాప్ మీద 14 మిల్లీమీటర్ల దూరానికి ఎన్ని జంట అడుగులు (ఎడమ, కుడి కలిపి ఒకటి) పడతాయన్నది ప్రశ్న. 100 మీటర్లకు 42 జంట అడుగులు పడేవారికి, 1:10,000 మ్యాప్ మీద 14 మిల్లీమీటర్లంటే 140 మీటర్లు, అంటే దాదాపు 59 జంట అడుగులు. స్కేలు చూసుకోకుండా 1:15,000 అనుకున్నవాళ్లకు 210 మీటర్లు వచ్చి ఉంటుంది. నేల మీద అది 70 మీటర్లు దాటిపోవడం. మ్యాప్ చేతికి రాగానే స్కేలు, కాంటూరు అంతరం (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల్లో పక్కపక్క రెంటి మధ్య ఎత్తు తేడా) చూడాలని ప్రతి పాఠంలోనూ చెబుతున్నది ఇందుకే.

రంగులు, కాంటూర్లు, దిక్సూచి, అడుగుల లెక్క ఇప్పటికి విడివిడిగా వచ్చేశాయి. పోటీలో అవన్నీ ఒకేసారి కావాలి. పైగా గడియారం నడుస్తుంటుంది, ఊపిరి ఎగపోస్తుంటుంది, పక్కనుంచి ఎవరో దూసుకుపోతుంటారు. వారాంతాల్లో జరిగే ఒక చిన్న స్థానిక పోటీలో పేరు ఇచ్చిన దగ్గర్నుంచి ఫలితం చూసుకునేదాకా ఏం చేయాలో ఈ పాఠంలో చూద్దాం.

కోర్సు ఎంచుకోవడం

ఒకే అడవిలో ఒకే రోజు మూడు నాలుగు కోర్సులు పెడతారు. కోర్సు అంటే స్టార్ట్ నుంచి ఫినిష్ దాకా వెతుక్కుంటూ వెళ్లాల్సిన కంట్రోళ్లు; కంట్రోల్ అంటే జెండా పెట్టిన చోటు. వాటికి రంగుల పేర్లో, అంకెలో ఉంటాయి. రంగుల వరస దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి పేరు చూసి కాకుండా వివరణ చదివి ఎంచుకోండి. ‘కంట్రోళ్లన్నీ దారుల మీద, దారుల మలుపుల్లో ఉంటాయి’ అన్న కోర్సు మొదటి పోటీకి సరిపోతుంది. రోడ్డు మీద పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తేవాళ్లు సాధారణంగా పొడవైన కోర్సుకు మొగ్గుతారు. వాళ్లకే ఎక్కువ చిక్కు, ఎందుకంటే పొడవైన కోర్సులో అసలు కష్టం దూరం కాదు. కంట్రోళ్లు దారికి దూరంగా, ఒకదాన్నొకటి పోలిన గుంటలూ గుట్టలూ నాలుగైదు ఉన్నచోట పెడతారు.

ప్రకటించే పొడవు కంట్రోల్ నుంచి కంట్రోల్‌కు సరళరేఖలో కొలిచింది. 3 కిలోమీటర్లని రాసి ఉంటే మీ కాళ్లు తిరిగేది 4 దాటొచ్చు. కొన్ని పోటీల్లో వరసతో పనిలేకుండా నిర్ణీత సమయంలో వీలైనన్ని కంట్రోళ్లు చూసి రావాలి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ పాయింట్లు కోస్తారు. ఈ పాఠంలో చెప్పేది వరస తప్పకూడని మామూలు కోర్సు గురించి.

మోకాళ్ల కింది దాకా కప్పే బట్టలు, పట్టున్న బూట్లు, దిక్సూచి, విజిల్ ఉంటే చాలు. విజిల్ లేకపోతే కొన్నిచోట్ల స్టార్ట్ దగ్గరే ఆపేస్తారు. ఆపదలో ఉన్నారనడానికి గుర్తు నిమిషంలో ఆరుసార్లు ఊదడం. ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. ఆ శబ్దం విన్నవాళ్లెవరైనా పోటీ వదిలేసి వెళ్లి సాయం చేయాల్సిందే.

స్టార్ట్‌కు ముందు

కంట్రోల్ వివరాల పట్టీని వీలైతే ముందే తీసుకోండి. అందులో ఒక్కో వరస ఒక్కో కంట్రోల్, వరసకు ఎనిమిది గడులు. మొదటి గడిలో కోర్సులో దాని వరస సంఖ్య, రెండో గడిలో కంట్రోల్ మీద రాసి ఉండే కోడ్. వరస సంఖ్యతో కలిసిపోకుండా కోడ్‌లు 31 నుంచి మొదలవుతాయి. దగ్గరలో అలాంటివే మరికొన్ని ఉంటే వాటిలో ఏదన్నది మూడో గడిలో ఉంటుంది, ఉదాహరణకు ‘ఉత్తరం వైపుది’. నాలుగోది అసలు విషయం: బండ, గుంట, వాగు మలుపు, కంచె మూల. అయిదు, ఆరు గడుల్లో దాని తీరు, కొలత. ఏడో గడిలో జెండా ఆ వస్తువుకు ఏ పక్కన ఉందో చెబుతారు. ఎనిమిదోది మంచినీళ్ల వంటి అదనపు సమాచారానికి. ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది.

కొత్తవాళ్లు రెండో గడి చూసి ఊరుకుంటారు. నిజానికి సమయం మిగిల్చేది ఏడో గడి. ‘బండ, 1.5 మీటర్లు, ఉత్తరం పక్క’ అని ఉందనుకోండి. మీరు దక్షిణం నుంచి వస్తుంటే బండ కనిపిస్తుంది, జెండా కనిపించదు. ‘ఇది కాదేమో’ అని పక్కకు పోయారంటే మళ్లీ ఆ బండ దగ్గరికే తిరిగి రావాల్సి వస్తుంది. గుంటలో పెట్టిన జెండా కూడా అంతే, అంచు దాకా వెళ్తేగానీ కనపడదు. నారింజ, తెలుపు రంగుల్లో 30 సెంటీమీటర్ల చదరాలతో కట్టిన ఆ జెండా కోసం వెతక్కండి. బండ కోసం, గుంట కోసం వెతకండి.

ఎలక్ట్రానిక్ పంచింగ్ (కంట్రోల్‌కు వచ్చినట్టు అక్కడి పెట్టెలో చిప్‌తో నమోదు చేయడం) ఉంటే వేలికి తొడుక్కునే చిప్ ఇస్తారు. స్పోర్ట్‌ఐడెంట్ పద్ధతిలో స్టార్ట్‌కు ముందు దాన్ని ‘క్లియర్’ పెట్టెలో బీప్ వచ్చేదాకా ఉంచి పాత వివరాలు చెరిపేయాలి, ఆపైన ‘చెక్’ పెట్టెలో ముంచాలి. క్లియర్ మరిచిపోతే పాత పోటీ పంచ్‌లు కొత్తవాటితో కలిసిపోతాయి. చిప్ నంబరు నమోదులో ఉన్నదేనా అని కూడా అప్పుడే చూసుకోండి.

మొదటి కంట్రోల్

కోర్సు మొత్తంలో నిదానంగా చేయాల్సింది ఇదే. సమయం మొదలయ్యాకే మ్యాప్ మీ చేతికి వస్తుంది. చుట్టూ అందరూ కదులుతుంటే నిలబడటం కష్టంగా ఉంటుంది, అయినా నిలబడండి. ఇరవై ముప్పై సెకన్లు చాలు.

మ్యాప్ తిప్పి ఉత్తర రేఖలను దిక్సూచి ముల్లుతో కలపండి. ఆ రేఖలు అయస్కాంత ఉత్తరానివే కాబట్టి ఏ సవరణా అక్కర్లేదు. కోర్సు మొదలయ్యే చోటును చూపే ఊదా రంగు త్రిభుజాన్ని చూడండి. సమయం మొదలైన చోటు, త్రిభుజం ఉన్న చోటు ఒకటే కాకపోవచ్చు. అలాంటప్పుడు గుర్తులు కట్టిన దారి వెంట కొంతదూరం వెళ్లాక పంచ్ పెట్టె లేని ఒక జెండా ఉంటుంది. త్రిభుజం అక్కడ. ఇది తెలియక స్టార్ట్ దగ్గరే దిక్సూచి పెట్టేవాళ్లు కోర్సు మొదలుకాకముందే దారి తప్పుతారు.

ఆ తర్వాత స్కేలు, కాంటూరు అంతరం. మ్యాప్‌ను మొదటి లెగ్ (ఒక చోటు నుంచి తర్వాతి కంట్రోల్ దాకా ఉన్న భాగం) మాత్రమే కనిపించేలా మడిచి, మీరున్న చోట బొటనవేలు పెట్టండి. ఇకనుంచి దారి కూడలి దాటినా, వాగు దాటినా వేలు జరగాలి. వేలు ఆగిపోయి కాళ్లు మాత్రం సాగుతున్నాయంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇప్పుడు దారి ఎంపిక. ఒక లెగ్ తీసుకుందాం. స్కేలు 1:10,000, కాంటూరు అంతరం 5 మీటర్లు. సూటిగా వెళ్తే 52 మిల్లీమీటర్లు, మధ్యలో గుట్ట, ఎక్కేటప్పుడు ఎనిమిది కాంటూర్లు దాటాలి. గుట్ట చుట్టూ కాలిబాట పట్టుకుంటే 74 మిల్లీమీటర్లు, ఒక్క కాంటూరు ఎక్కుడు. ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి చదునులో 10 మీటర్లంత సమయం పడుతుందని ఓరియంటీర్లు లెక్క వేసుకుంటారు. సూటి దారి: 520 మీటర్లు, 40 మీటర్ల ఎత్తుకు 400, కలిపి 920. చుట్టు దారి: 740, 5 మీటర్ల ఎత్తుకు 50, కలిపి 790. కాలిబాట మీద మ్యాప్ చూడటం కూడా తేలిక. సూటి దారి లేత ఆకుపచ్చలోంచి పోతుంటే ఇక ఆలోచించాల్సిందేమీ లేదు; అది పరుగు మందగించే పొదల ప్రాంతం. ఈ లెక్కలు పరిగెత్తుతూ మనసులో వేసుకునేవి కాబట్టి దశాంశాల జోలికి పోకండి. తేడా యాభై మీటర్లలోపు అయితే ఎందులో తప్పిపోయే అవకాశం తక్కువో ఆ దారి పట్టండి.

ఆఖరి వంద మీటర్లు

పరుగు చాలక పోగొట్టుకునే సమయం కన్నా కంట్రోల్ చుట్టూ తిరగడంలో పోయేది చాలా ఎక్కువ. అందుకే దారిని వెనక నుంచి కట్టాలి. ముందు కంట్రోల్‌ను చూడండి. ఆ పక్కన, 100 నుంచి 150 మీటర్ల లోపు, తప్పకుండా దొరికే గుర్తు ఏదుంది? దారుల కూడలి, వాగు మీద వంతెన, కంచె మూల వంటివి. అది మీ ఆధార బిందువు. త్రిభుజం నుంచి అక్కడిదాకా వేగంగా వెళ్లొచ్చు, చిన్నచిన్న వివరాలు చదవక్కర్లేదు. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, దిక్సూచి పెట్టండి.

దిక్సూచి ప్లేటు అంచును ఆధార బిందువు నుంచి కంట్రోల్ వృత్తం నడిమికి ఆనించండి, ప్లేటు మీది బాణం కంట్రోల్ వైపు ఉండాలి. చక్రం లోపలి గీతలు మ్యాప్ ఉత్తర రేఖలకు సమాంతరమయ్యేదాకా చక్రం తిప్పండి; చక్రం మీది ఉత్తరం గుర్తు మ్యాప్ ఉత్తరం వైపే ఉందా అని మరోసారి చూడండి. దిక్సూచిని నడుము ఎత్తులో సమంగా పట్టి, ఎర్ర ముల్లు ఎర్ర బాణంలో కుదురుకునేదాకా ఒళ్లంతా తిప్పండి, చేయి ఒక్కటే కాదు. బాణం చూపే దిక్కులో ఒక చెట్టునో బండనో ఎంచుకుని దాని దగ్గరికి నడవండి, అక్కణ్నుంచి మరొకటి. ముల్లు చూస్తూ నడిస్తే పక్కకు జారిపోతారు.

ప్లేటు తిరగేసి పెడితే 180 డిగ్రీల తప్పు. జేబులో ఉన్న ఫోన్ దగ్గర పడితే చిన్న తప్పు, కానీ అదే ప్రమాదకరం, వెంటనే తెలియదు. 5 డిగ్రీలు పక్కకు పోతే 100 మీటర్లలో దాదాపు 9 మీటర్లు తేడా వస్తుంది, కంట్రోల్ కనిపిస్తూనే ఉంటుంది. అదే 400 మీటర్లకు 35 మీటర్లు. ఆధార బిందువును అంత దగ్గరగా ఎంచుకోమనడం ఇందుకే.

కంట్రోల్ వాగు మలుపు వంటి పొడుగాటి వస్తువు మీద ఉండి, మీరు దానికి అడ్డంగా వస్తుంటే సూటిగా దాని మీదికే గురి పెట్టకండి. వాగు చేరాక కనిపించకపోతే ఎడమకా కుడికా అన్న సందేహం వస్తుంది. కావాలనే ఎడమకు 30, 40 మీటర్లు జరిపి గురి పెడితే వాగు తగలగానే కుడికి తిరగడమే.

కంట్రోల్ దాటిపోతే ఎక్కడ తెలుస్తుందో కూడా బయల్దేరేముందే చూసిపెట్టుకోండి. ‘ఇంకో దారి అడ్డం వచ్చిందంటే దాటేశాను’ అని మనసులో ఉండాలి.

పంచ్

కోడ్ సరిచూడకుండా పంచ్ చేయకండి. మామూలుగా కంట్రోళ్లు ఒకదానికొకటి 30 మీటర్లకన్నా దగ్గరగా పెట్టరు, కానీ 40 మీటర్ల అవతల వేరే కోర్సుది ఉండొచ్చు. బీప్ గానీ వెలుగు గానీ వచ్చేదాకా చిప్ తీయకూడదు. పెట్టె పలకకపోతే అక్కడ వేలాడే ముళ్ల పంచ్‌తో మ్యాప్ అంచుమీద గుచ్చి, ఫినిష్‌లో చెప్పండి.

4 మరిచి 5 పంచ్ చేశారా? వెనక్కి వెళ్లి 4 చేసి, మళ్లీ 5 చేసి అక్కణ్నుంచి కొనసాగండి. ఎక్కువైన పంచ్‌లతో నష్టం లేదు, వరస తప్పితేనే ఫలితం పోతుంది. పంచ్ అయిన వెంటనే జెండా దగ్గర నిలబడి మ్యాప్ చదవకండి, వెనక వచ్చేవాళ్లకు అది గుర్తు పలకవుతుంది. ఎటు వెళ్లాలో ముందే చూసి ఉంచుకుని నాలుగడుగులు పక్కకు జరగండి.

దారి తప్పితే

మ్యాప్‌లో ఉన్నది నేల మీద లేదనిపించిన మొదటి క్షణమే ఆగాలి. ‘కొంచెం ముందుకెళ్తే వస్తుందేమో’ అనేదే పది నిమిషాల తప్పుకు మొదలు. మ్యాప్‌ను ఉత్తరానికి తిప్పండి. కచ్చితంగా తెలిసిన చివరి చోటేది? అక్కణ్నుంచి ఎన్ని నిమిషాలు, ఏ దిక్కున వచ్చారు? ఇప్పుడు చుట్టూ ఉన్న పెద్ద వస్తువులను, ముఖ్యంగా వాలు దిక్కును, మ్యాప్‌తో పోల్చండి. వాలు మోసం చేయదు. మ్యాప్ గీశాక బాటలు మారొచ్చు, పొదలు పెరగొచ్చు. రెండు మూడు నిమిషాల్లో తేలకపోతే దగ్గర్లోని పెద్ద దారికో వాగుకో వెళ్లండి, లేదా ఆ చివరి చోటుకే తిరిగి వెళ్లండి.

మధ్యలో మానేసినా ఫినిష్‌కు వచ్చి చిప్ చదివించి తీరాలి. కోర్సు మూసే సమయానికి మీ చిప్ రాకపోతే వెతకడానికి మనుషులు బయల్దేరతారు.

ఫినిష్ తర్వాత

చెమట ఆరకముందే మ్యాప్ మీద మీరు నిజంగా వెళ్లిన దారి పెన్నుతో గీయండి. రేపటికి అది మీకు నచ్చిన దారిగా మారిపోతుంది. తర్వాత, చిప్ చదివాక ఇచ్చే చీటీలోని లెగ్ సమయాలను మీ కోర్సులో ప్రతి లెగ్‌కూ అందరికన్నా వేగంగా వెళ్లినవారితో పోల్చండి. మిగతా లెగ్‌లలో వాళ్ల సమయానికి 1.4 రెట్లు పడుతూ, 2 నిమిషాల లెగ్‌కు మీకు 6 నిమిషాల 10 సెకన్లు పట్టిందనుకోండి. పట్టాల్సింది 2 నిమిషాల 48 సెకన్లు. మిగతా 3 నిమిషాల 22 సెకన్లు కాళ్లవి కావు, మ్యాప్‌వి. గీసిన దారిలో ఆ లెగ్ చూసి, తప్పు దారి ఎంపికలోనా, ఆధార బిందువు లేకపోవడంలోనా, ఏడో గడి చదవకపోవడంలోనా అని ఒక్క మాటలో పక్కన రాయండి.

అభ్యాసం

1. స్కేలు 1:15,000, కాంటూరు అంతరం 5 మీటర్లు. సూటి దారి 30 మిల్లీమీటర్లు, ఎక్కేటప్పుడు 6 కాంటూర్లు. చుట్టు దారి 46 మిల్లీమీటర్లు, ఎక్కుడు లేదు. ఏది దగ్గర? సూటి దారి అంతా తెల్ల రంగు అడవిలో, అంటే హాయిగా పరిగెత్తగల అడవిలో ఉంటే మీ నిర్ణయం ఏమిటి?

2. ఏదైనా పాత పోటీ మ్యాప్ తీసుకుని ప్రతి కంట్రోల్‌కూ ఒక ఆధార బిందువు, దాటిపోతే తెలిపే ఒక గుర్తు గీయండి. 150 మీటర్ల లోపు ఆధారం దొరకని కంట్రోళ్లను విడిగా రాసిపెట్టండి. వచ్చే పాఠంలో కాంటూర్లనే ఆధారంగా వాడటం నేర్చుకునేటప్పుడు అవే కావాలి.