నాట్యం చూడడం నేర్చుకుందాం - 4వ పాఠం: పాత్ర, శైలి, మనిషి

పోయిన పాఠంలో అడుగుల్ని, అరమండిని (మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే భంగిమని) చూశాం. ఈసారి కాస్త తల పైకెత్తి ముఖం దగ్గరికి వద్దాం.

"కూచిపూడి వాళ్లు చలాకీ, భరతనాట్యం వాళ్లు సీరియస్, కథక్ వాళ్లు సరదా మనుషులు" అని అరంగేట్రాల దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వినడానికి బాగుంటుంది కానీ, అందులో మూడు విషయాలు కలిసిపోయాయి. వేదిక మీద మనకు కనిపించే స్వభావంలో పాత్రది కొంత, శైలిది కొంత, ఆడుతున్న మనిషిది కొంత. వీటిని విడదీసి చూడడమే ఈ పాఠం.

కూచిపూడిలో సత్యభామ కథ ఆడే భామాకలాపంతో మొదలుపెడదాం. తెర వెనక నుంచి సత్యభామ తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నాతో పోటీకి వచ్చేవాళ్లెవరో రండి అనే సవాలు అది. ఆ గర్వం పాత్రది. కాసేపటికి ఆమే విరహంతో కృష్ణుడికి లేఖ రాస్తుంది. అంటే ఒక్క పాత్రలోనే రెండు స్వభావాలు. ఇక శైలి సంగతి. కూచిపూడిలో ఆడే మనిషి నోరు విప్పి మాట్లాడాలి. సత్యభామ చెలికత్తె మాధవిగా ఎదురు నిలిచిన సూత్రధారి (ప్రదర్శన నడిపే వ్యక్తి) చురక వేస్తే వెంటనే జవాబు చెప్పాలి. ఆ చొరవ, ఆ మాటకారితనం శైలి నేర్పించేవి. ఇంట్లో పదిసార్లు పిలిస్తే ఒకసారి పలికే పిల్ల కూడా వేదికెక్కాక గలగలా మాట్లాడుతుంది. స్త్రీ పాత్రలు మగవాళ్లే వేసే సంప్రదాయంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా అంత పేరు తెచ్చుకున్నారంటే, స్వభావం కూడా సాధనతో వస్తుందని ఒప్పుకోవాలి.

భరతనాట్యంలో వర్ణం చూడండి, నృత్తం, అభినయం రెండూ కలిసిన పెద్ద అంశం అది. అరగంట దాటినా అదే కొనసాగుతూ ఉంటుంది. జతి (తాళానికి పలికే సొల్లుల వరుస) వచ్చినప్పుడు గీత గీసినట్టు అడవులు (అంటే అడుగూ చేయీ కలిసిన నృత్య కదలికలు) పడాలి, వెంటనే అభినయంలోకి మారాలి. శైలి అడిగేది ఓపిక, నిగ్రహం. చూసేవాళ్లకు అదే సీరియస్‌గా కనిపిస్తుంది. అయితే ప్రసిద్ధ భరతనాట్య నర్తకి బాలసరస్వతి (1918–1984) పాటలోని ఒక్క పాదాన్నే పట్టుకుని అప్పటికప్పుడు ఎన్నో భావాలు పుట్టించేవారు. క్షేత్రయ్య పదాలు ఆ శైలిలో ఇప్పటికీ ఆడుతున్నారు. మన తెలుగు మాటలే కాబట్టి వాటితో మొదలుపెడితే అభినయం పట్టుకోవడం మనకు సులువు.

కథక్‌లో చూపు తబలా వైపు పోతుంటుంది. నర్తకి బోల్స్ (తాళం మాటలు) నోటితో చదివి, తబలా ఆయనతో సవాల్ జవాబ్ నడిపి, తిహాయీతో (ఒకే ముక్కని మూడుసార్లు చేసి) సరిగ్గా సమ్ మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఆగుతుంది. తప్పితే అందరికీ తెలిసిపోతుంది. ఆ టెన్షన్‌ని నవ్వుతూ మోయగలగాలి. మనం సరదా అనుకునేది చాలావరకు ఇదే.

పేరిణిని వేరుగా చూడాలి. నటరాజ రామకృష్ణగారు తిరిగి నిలబెట్టిన ఈ వీర నృత్యంలో బృందం మొత్తానిది ఒకటే ఊపు. విడి మనిషి స్వభావం వెతికితే నిరాశే.

మరి మనిషి ఎక్కడ దొరుకుతుంది? అనుకోనిది జరిగినప్పుడు. గజ్జెల తాడు తెగినా, మైకు ఆగినా, పాట ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ముందుకు దూకినా ఆమె ఏం చేస్తుందో చూడండి. ఒకామె కళ్లతోనే నట్టువాంగం (తాళం వేసి నాట్యాన్ని నడిపేవారి) వైపు కబురు పంపుతుంది, ఇంకొకామె ఏమీ జరగనట్టు ఆడేస్తుంది, మరొకామె ముఖం బిగుసుకుపోతుంది. అది ఏ గురువూ నేర్పింది కాదు. ప్రోగ్రాం అయ్యాక పొగడ్తల్లో ఎవరూ ఈ క్షణాల్ని ప్రస్తావించరు. నాకైతే అసలు రుచి అక్కడే ఉంటుంది.

ఈ వారం సాధన: ఒకే అంశాన్ని, ఒకే శైలిలో ఇద్దరు వేర్వేరు నర్తకులు చేసిన వీడియోలు తీసుకోండి. భామాకలాపం ప్రవేశ దరువైతే (సత్యభామ వేదిక మీదికి వచ్చే పాటైతే) మంచిది. మొదట సౌండ్ తీసేసి చూడండి. ఎవరివైపు చూస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ తొందరపడుతున్నారు అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. ఇద్దరిలోనూ కనిపించినవాటిని ఒక పక్కన పెట్టండి. అవి పాత్రవో శైలివో అయి ఉంటాయి. ఏది దేనిదో తేలకపోతే, అదే శైలిలో ఇంకో పాత్ర చూడండి. అక్కడా కనిపించింది శైలిది. ఇద్దరిలో ఒకరి దగ్గరే కనిపించినవి మనిషివి కావచ్చు, గురువుగారి బాణీవి కూడా కావచ్చు. ఆ తేడా పట్టాలంటే అదే గురువు దగ్గర నేర్చుకున్న మరొకరిని చూడాలి. నోట్‌బుక్‌లో దానికి ఒక పేజీ ఖాళీ వదలండి. 5వ పాఠంలో బాణీల గురించి మాట్లాడుకున్నప్పుడు నింపుదాం.