1768 నాటి బ్రిటిష్ ఎర్రకోటు కుట్టడం ఎలా?

1768 నాటి బ్రిటిష్ సైన్యం దుస్తుల నిబంధనల ప్రకారం కాల్బలం కోటు కుట్టాలంటే ముందు బట్ట సంగతి చూసుకోండి. 150 సెం.మీ. పన్నా ఉన్న దట్టమైన ఉన్ని బట్ట సుమారు 3 మీటర్లు కావాలి. మామూలు సైనికుడిది మాడర్ వేరు ఎరుపు (మన మంజిష్ఠకు చుట్టమే). మెరిసే కొచినీల్ (ఒక పురుగు నుంచి తీసే రంగు) ఎరుపు ఆఫీసర్లకు. బట్ట మూల కత్తిరించి వేలితో గట్టిగా రుద్దండి. పోగులు ఊడితే ఆ తాను వద్దు. ఈ కోటు అంచులు మడవరు, కోసినవి కోసినట్టే వదిలేస్తారు.

ఎక్కువమంది దెబ్బతినేది కటింగులోనే. వీపు ముక్క ఇరుకుగా ఉండాలి, భుజం కుట్టు వెనక్కి పడాలి. ఇప్పటి షర్టు కొలతలతో కోస్తే వీపు సంచిలా వేలాడుతుంది. చేతులకు మోచేతి దగ్గర వంపు తప్పనిసరి. ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి తొడుక్కుని, తుపాకీ గురిపెట్టినట్టు చేతులు చాపండి. కోటంతా పైకి లేచిందా? చంక మరీ కిందికి కోశారన్నమాట. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి.

ఒంటికి లైనింగు పల్చని ఉన్ని బట్ట, చేతులకు లినెన్. దారమూ లినెన్‌దే, తేనెమైనం పట్టించి అంగుళానికి 8-10 కుట్లు వెయ్యండి. కనబడని చోట మిషను వాడినా ఫర్వాలేదు గానీ, కాజాలు మాత్రం చేత్తోనే. మిషను కాజా పది అడుగుల దూరం నుంచే పట్టించేస్తుంది.