చదివింపుల పుస్తకంలో లేని మనిషిని వెతకండి

క్రిస్మస్ ముందు వారం మా చర్చి యూత్ వాళ్లం దుప్పట్లు పంచడానికి వెళ్లాం. మా సంఘంలోనే ఉండే ఒక పెద్దావిడ, ఒంటరి మనిషి, దుప్పటి తీసుకుని అందరికీ వందనాలు చెప్పి మంచం కింద పెట్టింది. అక్కడ అప్పటికే ఐదు ఉన్నాయి, రెండింటికి కవరు కూడా విప్పలేదు. ఫొటో దిగి వచ్చేశాం. తర్వాత తెలిసింది, ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయిందని, రోజుకి నాలుగుసార్లు వేసుకోవాల్సిన చుక్కలు చేతులు వణికి సగం చెంప మీదే పోతున్నాయని. ఫొటోలో నల్ల కళ్లద్దాలు పెట్టుకునే ఉంది, మాలో ఒక్కరం కూడా ఎందుకని అడగలేదు.

అందుకే సేవ ఎలా మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, ఏదీ కొనకముందు వెళ్లి అరగంట కూర్చోమంటాను, ఖాళీ చేతులతో. "ఏం కావాలి" అని అడిగితే మొహమాటానికి "ఏం వద్దు నాయనా" అంటారు. పొద్దున్న లేచాక ఏం చేస్తారు, మందులు ఎవరు తెచ్చిపెడతారు, పింఛను ఎవరి చేతికి వస్తుంది, ఇలా మాట్లాడుతూ ఉంటే మీ పని ఏంటో మీకే దొరుకుతుంది.

ఎవరింటికి వెళ్లాలి అంటే, బైబిల్లో లూకా 14వ అధ్యాయం 12 నుంచి 14 వచనాలు తీయండి. విందు చేస్తే స్నేహితుల్ని, బంధువుల్ని, డబ్బున్న ఇరుగుపొరుగుని కాదు, బీదల్ని, నడవలేనివాళ్లని, చూపులేనివాళ్లని పిలవమంటాడు యేసుప్రభువు. వాళ్లు మిమ్మల్ని తిరిగి పిలవలేరు, ఆ బాకీ నీతిమంతుల పునరుత్థానంలో, అంటే చనిపోయిన నీతిమంతులు తిరిగి లేచేటప్పుడు, తీరుతుంది అంటాడు. మనం నిత్యత్వం గురించి సమాధి కూడికల్లోనే ఎక్కువ మాట్లాడతాం గానీ ఆయన ఆ మాట భోజనాలకి ఎవర్ని పిలవాలో చెప్పే చోట తెచ్చాడు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం తెలుసుగా, వాళ్లు మనకి ఎంత రాశారో చూసి వాళ్లింటి పెళ్లికి మనమూ అంతే రాస్తాం. ఆ పుస్తకంలో ఎప్పటికీ ఎక్కని మనిషిని ఒక్కరిని ఎంచుకోండి. పదిమంది వద్దు, ఒక్కరు చాలు.

మేం ఆవిడ విషయంలో చేసింది చెప్తాను. నలుగురం టైములు పంచుకున్నాం: పొద్దున్న ఏడు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఐదు, రాత్రి తొమ్మిది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాం. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆవిడని వెల్లకిలా పడుకోబెట్టి, కింది రెప్పని మెల్లగా కిందికి లాగి ఒక్క చుక్క వేయాలి, సీసా మూతి కంటికి తగలకూడదు. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి. ఆ ఐదు నిమిషాల్లోనే ఒక కీర్తన చదివేవాళ్లం, చూపు లేక బైబిలు పక్కన పెట్టి ఎన్నాళ్లయిందో ఆవిడకి.

సాయానికి, సువార్తకి ముడి పెట్టకండి. ఇది గట్టిగా చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇప్పించాడు. అప్పుడు బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకి కూడా ఇవ్వకుండా ఆపాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. మళ్లీ మొదలయ్యాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ అంకె బాగానే చెప్పుకుంటారు, ఆపిన నెలల సంగతే ఎవరూ ఎత్తరు. బియ్యం సంచిలో కరపత్రం పెట్టకండి. వాళ్లే ప్రార్థన చేయమంటే చేయండి, అడక్కపోతే చుక్కలు వేసి వచ్చేయండి.

డబ్బు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు, వండేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన తీసి పెడితే నెల తిరిగేసరికి ఒకరికి ఇవ్వగలిగేంత అవుతుంది. ఫొటో మాత్రం వద్దు, స్టేటస్ అసలు వద్దు. మత్తయి 6 ప్రకారం మనుషులు చూడాలని చేసినవాళ్లకి జీతం అప్పుడే ముట్టిపోయింది, అంటే మీకొచ్చిన ఆ నలభై లైకులే మీ జీతం. ఇంకోటి, ఇంట్లో అమ్మ మోకాళ్ల నొప్పులతో నీళ్ల బిందె మోస్తుంటే మీరు సేవకని బయల్దేరకండి.

మానేయాల్సి వస్తే వారం ముందే చెప్పి ఇంకొకరికి అప్పగించండి. చెప్పకుండా ఆగిపోతే వాళ్లు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు.

థ్యాంక్స్ వస్తుందని కూడా అనుకోకండి. ఆలస్యమైన రోజు ఆవిడ మమ్మల్ని బాగానే తిట్టింది. ఆరు వారాలకి చుక్కలు అయిపోయాయి, చూపు వచ్చింది, గోడ మీది మా కాగితం పీకేసి వెనకవైపు పాల లెక్క రాసుకుంటోంది.