జీపీఏ హోల్డరు దగ్గర స్థలం కొంటున్నారా?

తెనాలిలో చాలా ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. కొనేవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. "అమ్మేది ఎవరు?" అంటే, "యజమాని అమెరికాలో ఉన్నారండీ, ఆయన బావమరిదికి జీపీఏ ఉంది" అంటారు. జీపీఏ అంటే తన తరఫున పనులు చేయమని యజమాని ఇంకొకరికి, అంటే ఏజెంటుకి, రాసిచ్చే అధికార పత్రం. ఉందంటే చాలదు. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కాగితం తెప్పించుకుని చదవాలి.

ముందుగా అందులో "అమ్మడానికి" అన్న మాట వెతకండి. "నా ఆస్తి వ్యవహారాలు చూసుకోవడానికి" అని మాత్రమే రాస్తే ఏజెంటు అద్దె వసూలు చేయొచ్చు, పన్ను కట్టొచ్చు, అంతే. అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉండాలని ఉమాదేవి నంబియార్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. క్రయదస్తావేజు రిజిస్టరు చేయడానికి, సొమ్ము పుచ్చుకోవడానికి కూడా విడివిడిగా అధికారం రాసి ఉందో లేదో చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు మీరు కొనే స్థలానివేనా? జిరాక్సు చూసి ఒప్పుకోకండి, ఒరిజినల్ అడగండి.

విదేశంలో రాసిన జీపీఏ అయితే అక్కడి నోటరీ ముందో, మన కాన్సులేటులోనో సంతకం చేసి ఉండాలి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటిపోయిన కాగితాలు నా బల్ల మీదకి చాలా వస్తాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: యజమాని బతికి ఉన్నారా? ఒకసారి ఒక టీచరుగారికి నాలుగున్నర సెంట్ల స్థలానికి నేనే దస్తావేజు రాశాను. జీపీఏ ఇచ్చిన పెద్దాయన అప్పటికి రెండు నెలల కిందటే హైదరాబాదులో కన్నుమూశారు. ఏజెంటుకి ఆ సంగతి తెలుసు, మాకు చెప్పలేదు. పెద్దాయన కూతుళ్లు కోర్టుకెళ్లారు. చావు సంగతి తెలియక కొన్నానని టీచరుగారు నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌తో ఆయన మనిషే సగమైపోయారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే తప్పేది, నాకు తోచలేదు. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నాకు మాట రాదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం యజమాని చనిపోయినా, మతి తప్పినా, అధికారాన్ని వెనక్కి తీసుకున్నా ఏజెన్సీ, అంటే ఏజెంటుకిచ్చిన ఆ అధికారం, ముగుస్తుంది. ఏజెంటుకి ఆ ఆస్తిలోనే సొంత హక్కు ఉంటే మాత్రం 202వ సెక్షను అతన్ని కాపాడుతుంది. డెవలప్‌మెంట్ ఒప్పందంలో తన వాటా ఉన్న బిల్డరు అలా వాదించవచ్చు. అంతేగానీ "ఇది రద్దు చేయరాని జీపీఏ" అని పైన రాసుకున్నంత మాత్రాన ఆ హక్కు పుట్టదు.

అందుకే ఇప్పుడు వీడియో కాల్‌లో యజమానితో మాట్లాడకుండా నేను కలం పట్టను. స్థలం ఏది, ధర ఎంత అన్నది ఆయన నోటితోనే చెప్పిస్తాను. యజమాని బతికే ఉన్నారని, జీపీఏ రద్దు కాలేదని ఏజెంటు చేత దస్తావేజులోనే రాయిస్తాను. సొమ్ము యజమాని ఖాతాకే పంపమంటాను. ఆయన ఎన్నారై అయితే టీడీఎస్ (సొమ్ములోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) మినహాయించాల్సిన బాధ్యత కొనేవాళ్లదే. ముందే ఆడిటరుని కలవండి.

"జీపీఏ మీ పేరుకే రాసిచ్చేస్తాం, రిజిస్ట్రేషను ఖర్చు మిగులుతుంది" అంటే వద్దనండి. జీపీఏతో ఆస్తి మీ సొంతం కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

బ్రోకరు సంగతి వేరు. స్థలం చూపించి బేరం కుదర్చడం అతని పని. యజమాని రాతపూర్వకంగా అధికారం ఇవ్వకపోతే అతని చేతికి అడ్వాన్సు ఇవ్వకండి. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టులో అమ్మించే బ్రోకరుకి రెరా నంబరు తప్పనిసరి, ఆ నంబరు అడిగి వెబ్‌సైటులో సరిచూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా, రిజిస్ట్రేషను రోజు పొద్దున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి బయల్దేరే ముందు యజమానికి ఇంకోసారి కాల్ చేయండి. అమెరికాలో అప్పుడు రాత్రి అయినా సరే.